పోట్లాటకు లేవండి మాస్టారూ

కండక్టరు బాబాయి ఎవరి మాటకూ ఔననడు. ముప్పై ఏళ్లు బస్సుల్లో పనిచేసి రిటైరైన మనిషి. పొద్దు పొడిచిందన్నా, "అంత తొందరపడి చెప్పకండి, చూద్దాం" అనే రకం. ఆయనతో వాదనకు దిగడమంటే కొరివితో తల గోక్కోవడమేనని ఆ మేడలో అందరికీ తెలుసు.

ఆయన కింది వాటాలో ఒక హెడ్మాస్టారు ఉండేవారు. స్నానాలగదిలో జారిపడి విరిగిన తుంటి ఎముక అతుక్కుంది కానీ, ఆయన మాత్రం పడక్కుర్చీకి అతుక్కుపోయారు. ఇలాగే కూర్చుంటే మూడు నెలల్లో ఆయన్ని లేపడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వస్తుందని డాక్టరు తేల్చి చెప్పాడు. వ్యాయామం నేర్పే అమ్మాయి ఇంటికొచ్చి, రోజుకు పదిసార్లు కూర్చుని లేవాలని బొమ్మలేసి మరీ కాగితం ఇచ్చింది. మాస్టారు దాన్ని చదివే పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నారు. కోడలు బతిమాలితే "రేపట్నుంచి" అనేవారు. మళ్లీ పడతానేమోనని ఆయనకు లోలోపల ఒకటే భయం. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు.

ఒక ఉదయం బాబాయి పేపరు కోసమని వచ్చి గోడకేసి చూశాడు.

"మాస్టారూ, మీ గడియారం వంకరగా ఉంది."

"లేదు. దగ్గరుండి మేకు కొట్టించాను."

"ఎడమకి వంకర. కూర్చుంటే ఏం తెలుస్తుంది?"

మాస్టారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. స్కేలు పెట్టి కొలిచారు. "ఏదీ వంకర?"

"నిలబడితే కనబడదు. కూర్చుని చూడండి."

ఆయన కూర్చున్నారు, మండిపడి లేచారు, మళ్లీ కూర్చున్నారు. ఆ వంకర సంగతి తేలేసరికి ఎనిమిదిసార్లయింది.

పై వారం తగాదా వరండాకి మారింది. గచ్చులో పలకలు నలభై మూడని బాబాయి, నలభై రెండని మాస్టారు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి మూడుసార్లు లెక్కపెట్టినా బాబాయి ఒప్పుకుంటేనా!

"ఏం మనిషమ్మా, ఇన్నేళ్లు టిక్కెట్లెలా కొట్టాడో!" అన్నారు మాస్టారు కోడలితో. ఆవిడ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంకో నెల తిరిగాక రెండు రోజులు బాబాయి పత్తా లేడు.

"గొంతు పోయిందట మావయ్యా. వారం దాకా మాట్లాడకూడదన్నారట."

"పీడా పోయింది" అన్నారు మాస్టారు. గంట గడిచేసరికి ఆయనకు ఏమీ తోచలేదు. పలకలు నలభై రెండే ఉన్నాయి. ఎవరితో చెప్పుకోవాలి? చేతికర్ర అందుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, మెట్లన్నీ ఎక్కేశారు.

మందుబిళ్ల చప్పరిస్తున్న బాబాయి ఆయన్ని చూసి ఆశ్చర్యంతో నోరు తెరిచాడు. బల్లమీద నోటుపుస్తకం తెరిచి ఉంది. మాస్టారివి తప్పులు దిద్దిన కళ్లు కదా, తిన్నగా దానిమీదకే పోయాయి.

"పక్క వాటా దర్జీ అక్కయ్య: భుజం నొప్పి. కిటికీ ఎత్తు గురించి తగాదా, చెయ్యెత్తి చూపించేదాకా.

మాస్టారు: కాగితం ప్రకారం కూర్చుని లేవడం, గడియారం. నడక, పలకలు (నలభై రెండే). మెట్లు, వచ్చే నెల. పడతానని భయం ఉంది. దేనిమీద పోట్లాడాలి?"

మాస్టారికి మనసు నిండిపోయింది. ఈ మొండిఘటానికి తన భయం ఎలా తెలిసిందో! ఆ పంక్తి మీద వేలు పెట్టారు.

"వచ్చే నెలని రాశారు. తప్పు. ఇవాళే ఎక్కాను."

బాబాయి పెన్ను తీసుకుని గబగబా రాసి చూపించాడు: "ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. దిగడం మీవల్ల కాదు."

"కాదా? రండి, చూపిస్తాను" అని మాస్టారు గుమ్మం వైపు తిరిగారు.

బాబాయి చెప్పులైనా వేసుకోకుండా ఆయన్ని దాటుకుని వెళ్లి, ఆయనకంటే ఒక మెట్టు కింద వెనక్కి వెనక్కి దిగుతూ, ప్రతి మెట్టుకీ మీవల్ల కాదని తల అడ్డంగా ఊపుతూ, రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు.