ఎర్ర డ్రమ్ము థర్టీ ఎయిట్‌కి

పచ్చ డ్రమ్ము పెట్టి పోయాడండీ, అదీ నా కోపం. డెబ్బై దాటిన మనిషి, గుండె ఆగింది, గ్యారేజీలో బల్ల మీద తల వాల్చేశాడు. టీ తీసుకెళ్ళిన పిన్ని చూసేదాకా ఎవరికీ తెలీదు. లీడ్స్‌లో మా పక్కింటి బాబాయి సంగతి. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరం గుంటూరు వైపువాళ్ళం, ఆ లెక్కన బాబాయి.

ఆయనకి తుపాకుల పిచ్చి. ఈ దేశంలో పిస్తోళ్ళు ఉంచుకోనివ్వరు గానీ, పిస్తోలు తూటాలు పేల్చే పొట్టి రైఫిళ్ళకి లైసెన్సు ఇస్తారు. పేలిన ఖాళీ గొట్టాల్లో మళ్ళీ మందు పోసి తూటాలు కట్టుకునేవాడు. మందు కొలవడానికి బల్లకి బిగించిన చిన్న యంత్రం. పిడి లాగితే, లోపలున్న వేలెడు ఇనప డ్రమ్ముకి ఎంత గుంట ఉంటే అంత మందు రాలుద్ది. థర్టీ ఎయిట్ తూటాకి చిన్న గుంట డ్రమ్ము, ఫార్టీ ఫోర్‌కి పెద్ద గుంటది. పిన్ని నెయిల్ పాలిష్ తెచ్చి చిన్నదానికి ఎరుపు, పెద్దదానికి పచ్చ పూశాడు. పచ్చది పిన్ని వేసుకోగా నేనైతే చూళ్ళేదు.

నేను క్లబ్బులో చేరినప్పుడు, మర తిప్పి కొలత మార్చుకునే డ్రమ్ము ఒకటి కొన్నాను. ఒక్కటి కొంటే అన్నిటికీ సరిపోద్ది గదా అని. బాబాయి చూసి, "తిప్పేది తిరుగుద్దిరా" అని ఊరుకున్నాడు.

ఆ ఆదివారమే క్లబ్బులో కాలుస్తుంటే నా పక్కన నిలబడ్డాయన రైఫిలు పగిలింది. అతనిదీ మర డ్రమ్మే. మర వదులై మందు ఎక్కువ పడింది. ఇనప ముక్క నా చెవి పక్కనుంచి పోయింది. అతని బొటనవేలు తోలు పట్టుకుని వేలాడుతోంది, గోడంతా రక్తం. బాబాయి మఫ్లరు తీసి ఆ చేతికి బిగించి కట్టి, అంబులెన్సు వచ్చేదాకా తిడుతూనే పట్టుకున్నాడు. అన్నీ తెలుగు బూతులే. ఆ తెల్లాయన ప్రతి బూతుకీ థాంక్యూ చెప్పాడు.

ఇంటికొచ్చి నా డ్రమ్ముని సుత్తితో చితక్కొట్టాడు. తర్వాత నా కాలర్ పట్టుకుని గోడకి అదిమాడు.

"తూటా మారితే డ్రమ్ము మారాలి. నీ పెళ్ళానికి నేనేం మొహం పెట్టుకుని చెప్పాల్రా?"

మర్నాడు ఆయనే నాకు రెండు డ్రమ్ములు తెచ్చిచ్చాడు, ఎరుపూ పచ్చా పూసి మరీ.

ఇవాళ బాబాయి కొడుకు మిల్టన్ కీన్స్ నుంచి వచ్చాడు. వాడికీ లైసెన్సు ఉంది. బల్ల మీదున్న థర్టీ ఎయిట్ తూటాల పెట్టె చంకలో పెట్టుకుని, "డాడ్స్ లాస్ట్ బాక్స్, అంకుల్. ఐ వాంట్ టు షూట్ దెమ్ ఫర్ హిమ్" అన్నాడు. సరేనన్నాను. కళ్ళు తుడుచుకుంటూ యంత్రం వంక చూస్తే, అందులో పచ్చ డ్రమ్ము, ఫార్టీ ఫోర్‌ది.

పరిగెత్తాను. కారు తలుపు తీస్తున్నాడు. చెబితే వినడు, డాడ్ ఎప్పుడూ తప్పు చెయ్యలేదంటాడు. ఆరడుగుల మనిషిని కాలర్ పట్టుకుని కారుకేసి అదిమాను. "మీ నాన్న నాకు ఇట్టాగే చెప్పాడ్రా" అన్నాను. పెట్టె చేతికిచ్చాడు.

గ్యారేజీలో ఇద్దరం కూర్చుని, క్లబ్బులో ఆ బొటనవేలి సంగతి వాడికి చెబుతూ తూటాలు విప్పుతున్నాం. దానికో బోలు సుత్తి ఉంది. తూటా బిగించి బల్లకేసి కొడితే గుండూ మందూ ఊడొస్తాయి. మొదటి వరస అంతా సరిగానే ఉంది. రెండో వరసలో మొదటిది కొట్టి సాసర్లో ఒంపితే, కుప్ప. ఉండాల్సినదానికి రెట్టింపు. పిల్లాడు దానివంక చూస్తా, తన బొటనవేలు రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

ఎర్ర డ్రమ్ము కళ్ళజోడు పెట్టె వెనకాల దొరికింది, కాగితం మీద. రంగు వెలిసిందని మధ్యలో ఊడదీసి, మళ్ళీ పూసి ఆరబెట్టాడు. ఈలోపు ఫార్టీ ఫోర్‌వి కడదామని పచ్చది పెట్టుకుని, మర్చిపోయి ఈ థర్టీ ఎయిట్‌లే కట్టినట్టున్నాడు. మేం పొరపడకూడదనేగా ఆ రంగు.

కొడుకు మిగతావి కొడుతున్నాడు, నేను పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఎర్ర డ్రమ్ము నా ముందే ఉంది. రంగు ఆరకముందే పట్టుకున్నట్టున్నాడు, మీద బాబాయి వేలిముద్ర పడింది. దాన్ని తిరిగి యంత్రంలో బిగించాలి. ఆ ముద్ర మీద నా వేలు పడకుండా ఎట్టా పట్టుకోవాలా అని... ఆ, వస్తన్నాం పిన్నీ, అన్నం పెట్టెయ్, ఈ ఒక్కటీ బిగించి...