తువ్వాలు వేసిన చోటు

గెర్లిండె ఓస్టర్‌కాంప్ జుట్టు నెరిసేదాకా ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసింది. రిటైరయ్యాక సొంత ఊరు బాడ్ ఎర్లెన్‌బ్రున్ తిరిగొచ్చి, ఇక్కడి ఉప్పునీటి స్నానశాలలో అదే డ్యూటీలో చేరింది. జీతం ఇచ్చేవాడు లేడు, రమ్మన్నవాడు లేడు, మానమని చెప్పే గుండె ఉన్నవాడు అసలే లేడు. గురువారం మధ్యాహ్నం ఆమె లోపలికి వస్తోందంటే చాలు, విశ్రాంతి గదిలో గుసగుసలు ఆగిపోయేవి. తడికాళ్ళతో తిరిగేవాళ్ళు గబగబా చెప్పులు వెతుక్కునేవాళ్ళు.

ట్రాములో ఆమె ఏనాడూ ప్రయాణికుల మొహం చూసి ఎరగదు. టికెట్టు చూసేది. మొహం చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే జరిమానా రాయలేం అని ఆమె లెక్క. ఈ లెక్కతో విసిగిపోయిన భర్త ఉల్‌రిష్ ఓ ఆదివారం పెట్టె సర్దుకుని, “నేను నీ ట్రాము ఎక్కినవాణ్ణి కాదు గెర్లిండె,” అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నప్పుడు అతని మొహం ఎలా ఉందో ఆమెకు గుర్తులేదు. పెట్టెకు ఒక చక్రం ఊడి ఉండటం మాత్రం బాగా గుర్తుంది.

మా స్నానశాల ఒకప్పుడు పద్ధతిగా ఉండేది. కీళ్ళ నొప్పులవాళ్ళు, దగ్గువాళ్ళు డాక్టరు చీటీ పట్టుకుని వచ్చి, బుద్ధిగా ఉప్పునీళ్ళలో కూర్చుని, మూలుక్కుంటూ ఇళ్ళకు పోయేవారు. ఇప్పుడు ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్ళు వస్తున్నారు. వాళ్ళ కోసం, ఊరి కింద భూమంతా ఉప్పే అయి ఉండగా, ఎక్కడో హిమాలయాల నుంచి గులాబీరంగు ఉప్పు ఇటుకలు తెప్పించి గోడ కట్టారు. ఆ గోడకు ఎదురుగా కళ్ళు మూసుకుని కూర్చుంటే మనసులో మురికంతా పోతుందట. మనసు సంగతి దేవుడెరుగు, ముందు కాళ్ళు కడుక్కుని రండిరా నాయనా అని గెర్లిండె గొణుక్కునేది. దోసకాయ ముక్కలు వేసిన నీళ్ళకు కూడా ఏదో సంస్కృతం పేరు తగిలించారు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, ధర మాత్రం ఎక్కడికో పోయింది.

ఇక ఆ వచ్చే జనం. ఒకసారి కొత్తజంట ఒకటి ఈతబట్టలతోనే సౌనాలోకి, చెమట పట్టించే ఆ చెక్క గదిలోకి, వచ్చేసింది. మా దగ్గర అక్కడ అందరూ బట్టల్లేకుండానే కూర్చుంటారు, బట్టలతో రావడమంటే చెప్పులతో మంచం ఎక్కినట్టు.

“ఏం బాబూ, ఇంట్లో స్నానం కూడా బట్టలతోనే చేస్తావా?” అంది గెర్లిండె.

“కొంచెం సిగ్గండీ,” అన్నాడు కుర్రాడు.

“సిగ్గుపడాల్సింది దానికి కాదు. కింద తువ్వాలు పరుచుకోకుండా కూర్చున్నావు. నీ చెమట చెక్కలోకి దిగుతోంది. దానికి పడు సిగ్గు.”

ఆ జంట మళ్ళీ కనిపిస్తే ఒట్టు. ఇంకొకాయన ఉండేవాడు, వేడి తగలగానే ఇంజను ఆవిరి వదిలినట్టు నిట్టూర్చేవాడు. అతనికీ పడ్డాయి అక్షింతలు. విశ్రాంతి గదిలో పక్క కుర్చీలోని ఆవిడని పేరు అడిగిన మరో పెద్దమనిషికైతే, “ఇది పెళ్ళిచూపుల గది కాదు. ఇక్కడ పేర్లు అడగరు,” అని అందరూ వినేలా చెప్పింది. నిజమే, మా దగ్గర అడగరు. బట్టల్లేని మనిషిని పేరు అడగడం కన్నా అసహ్యం లేదు.

వీళ్ళందరినీ క్షమించినా గెర్లిండె క్షమించలేనిది తువ్వాలు వేసేవాళ్ళని. పొద్దున్నే తగుదునమ్మా అని వచ్చి, కిటికీ పక్కనున్న పడక కుర్చీ మీద తువ్వాలు పరిచి, చోటు పట్టేసి, పూటంతా మాయమైపోతారు. కుర్చీలు ఖాళీగా పడి ఉంటాయి, జనం గోడలకు ఆనుకుని నిలబడతారు. అలాంటి తువ్వాలు కనిపిస్తే గెర్లిండె రెండు వేళ్ళతో ఎత్తి, పోగొట్టుకున్న సామాన్ల బుట్టలో పడేసేది.

“ఇక్కడ నా తువ్వాలు ఉండాలే,” అంటూ తిరిగొచ్చినవాళ్ళు వెతుక్కుంటారు.

“ఉండాల్సింది తువ్వాలు కాదు, మనిషి,” అనేది కళ్ళు తెరవకుండానే.

ఇంతటి మనిషికీ ఒక తోడు దొరికింది. సౌనాలో పై బెంచీకి ఆ చివర కూర్చునే ఆయన. ఎడమ మోకాలి మీద పొడుగాటి ఆపరేషన్ మచ్చ ఉంటుంది కాబట్టి ఆమె మనసులో ఆయన పేరు మోకాలి మచ్చాయన. ఆయన తువ్వాలు మడిచే తీరు చూసిన రోజే గెర్లిండె మెత్తబడిపోయింది. పొడుగ్గా మూడు మడతలు, అంచు లోపలికి. అలా మడిచే మగవాణ్ణి ఆమె అంతవరకూ చూడలేదు. ఉల్‌రిష్ అయితే ఉండచుట్టి పడేసేవాడు.

ఎవడో ఆలస్యంగా తలుపు తీసుకుని వచ్చి వేడంతా బయటికి పోనిచ్చేవాడు. మచ్చాయన ఒక కనుబొమ పైకెత్తి ఆమె వైపు తిరిగేవాడు. ఆమె తన కనుబొమ ఎత్తేది. అంతే, ఇద్దరూ కలిసి ఆ వెధవని తిట్టుకోవడం అయిపోయేది. ఏళ్ళ తరబడి నడిచిన స్నేహం ఇదే. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు, ఆయన ఉన్నంతసేపూ ఆమె కూడా నోరు విప్పేది కాదు. సౌనాలో వెలుతురు అంతంతమాత్రం, పైగా మనిషిని తేరిపార చూడటం అక్కడ మహా తప్పు. కనుబొమ, మోకాలు, తువ్వాలు, ఇంతవరకే ఆమెకు తెలిసిన మనిషి. అయినా వారమంతా ఆ గురువారం కోసం ఎదురుచూసేది. ఇంట్లో ఆమెకు తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు.

అలాంటిది, ఫిబ్రవరిలో గుమ్మం దగ్గర నోటీసు వేలాడదీశారు. ఈస్టరు ముందు గురువారంతో స్నానశాల మూత. మరమ్మతులకు ఏడాది పైనే పడుతుంది. తెరిచాక వెదురు తోట, పాటలు పాడే స్నానపు గది ఉంటాయట. గెర్లిండె ఆ వెర్రిమొర్రి వివరాలేవీ చదవలేదు. మూత అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆయన ఏ ఊరి నుంచి వస్తాడో, ఆ తర్వాత ఏ స్నానశాలకు పోతాడో ఏమీ తెలియదు. ఆ చివరి రోజు పలకరించకపోతే ఆయన ఇక లేనట్టే.

లోపల పలకరించడానికి లేదు. ఆ రూలు ఊరందరికీ నూరిపోసింది తనే. అందుకని బాగా ఆలోచించి, బయట హాల్లో, టికెట్ల కౌంటరు ఎదురుగా ఉన్న బెంచీ దగ్గర, ఒంటి మీద కోటూ కాలికి బూట్లూ ఉన్న మర్యాదస్తురాలిగా ఎదురుపడి పేరు అడగాలని నిర్ణయించుకుంది. దానికోసం లిప్‌స్టిక్ కొంది. చెవులూ నుదురూ వెచ్చగా కప్పే ఎర్ర ఉన్ని టోపీ కొంది. కొన్నందుకు తనని తనే నాలుగు తిట్టుకుంది.

చివరి గురువారం స్నానశాల జాతరలా ఉంది. ఇన్నాళ్ళూ రానివాళ్ళు కూడా మూసేస్తున్నారనేసరికి ఎగబడ్డారు. కాలే రాళ్ళ మీద సువాసన నీళ్ళు పోసే థోర్‌స్టెన్ ఆ రోజు మరీ పేట్రేగిపోయి, వేడిగాలి జనం మీదికి విసరడానికి తువ్వాలు రెండు చేతుల్తో గిరగిరా తిప్పాడు. జనం చెమటలు కక్కుతూ చప్పట్లు కొట్టారు. చెమట పట్టించినవాడికి చప్పట్లేమిటో. మచ్చాయన కనుబొమ లేచింది. గెర్లిండె కనుబొమ లేచింది.

అయితే ఆయన ఆ రోజు విశ్రాంతి గదికి రాలేదు. తువ్వాలు మడుచుకుని తిన్నగా బట్టలు మార్చుకునే గదుల వైపు వెళ్ళిపోయాడు. గెర్లిండె ఒంటి మీద నాలుగు చెంబులు చన్నీళ్ళు గుమ్మరించుకుని పరిగెత్తింది. పరిగెత్తిందన్న మాటే గానీ, జుట్టు ఆరబెట్టుకోవడానికి చాలాసేపే పట్టింది, లిప్‌స్టిక్ రెండుసార్లు తుడిచి మళ్ళీ వేసుకుంది. ఎర్ర టోపీ కనుబొమల దాకా లాక్కుని హాల్లోకి వచ్చేసరికి అక్కడ జనం కిటకిటలాడుతున్నారు.

బెంచీ మీద టోపీ, మందపాటి కళ్ళద్దాలు, బూడిదరంగు కోటు ఉన్న ముసలాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఉంది. ఆ చోట్లో తువ్వాలు వేసి ఉంది.

తువ్వాలు చూడగానే గెర్లిండెకు ఒళ్ళు మండిపోయింది. చివరి రోజు కూడానా. లోపల చాలక ఇప్పుడు హాల్లో కూడా మొదలుపెట్టారా.

“ఏమండీ, ఈ తువ్వాలు టికెట్టు కొన్నదా?” అంది, బట్టల గదుల తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా. మచ్చాయన ఏ క్షణాన బయటికొస్తాడో అని ఆమె ప్రాణమంతా అక్కడే ఉంది.

“క్షమించండి. ఒకరి కోసం ఉంచాను,” అన్నాడు ఆయన మెల్లగా.

“ఇక్కడ ఎవరి కోసం ఉంచడానికీ లేదు. బోర్డు చదవలేదా? ఎవరు వస్తారు?”

“ఒకావిడ.”

“ఆవిడకి పేరు లేదా?”

ఆయన కాస్త తడబడ్డాడు. “పేరు… తెలియదండీ.”

చుట్టుపక్కల నిలబడ్డవాళ్ళు నవ్వారు. నవ్వు వినపడేసరికి గెర్లిండెకు పాత ఊపు వచ్చేసింది.

“బాగుంది. పేరు తెలియని ఆవిడకి సీటు పట్టి కూర్చున్నారు. ఈ వయసులో ఇదేం బుద్ధండీ? ఎదురుచూడాలంటే నిలబడి చూడండి, మిగతా అందరిలాగా.”

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. లేచి, తువ్వాలు తీసి దులిపి, అక్కడే నిలబడి మడవడం మొదలుపెట్టాడు.

“మడతలు ఇంటికెళ్ళి పెట్టుకోవచ్చు,” అంది గెర్లిండె.

మడిచిన తువ్వాలు సంచిలో పెట్టుకుని ఆయన బయటికి నడిచాడు. కాస్త కుంటుతున్నాడు. ఆమె ఖాళీ అయిన చోట్లో కూర్చుని, కోటు సర్దుకుని, తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. జనం పలచబడ్డారు. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఎవరెవరో వచ్చారు, మచ్చాయన రాలేదు.

కౌంటరులోని సిల్కె టికెట్ల పని తెమిలాక నవ్వుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చింది.

“ఓస్టర్‌కాంప్ గారూ, బాగా దులిపారు ఆ ముసలాయన్ని. ఇందాకట్నుంచి నా ప్రాణం తీశాడు. ఎడమ భుజం మీద మూడు పుట్టుమచ్చలున్న ఆవిడ బయటికి వెళ్ళిపోయిందా అని అడుగుతాడు. కోట్లు వేసుకుని వెళ్ళేవాళ్ళ భుజాలు నాకెలా కనిపిస్తాయండీ? ‘సరే, నేనే కూర్చుంటాను, ఇవాళ్టితో మూసేస్తున్నారు కదా’ అన్నాడు. సిగ్గూ ఎగ్గూ ఉందా అసలు?”

గెర్లిండె చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి పోయింది. తువ్వాలు దులిపి మడిచిన ఆ చేతులు కళ్ళముందుకొచ్చాయి. పొడుగ్గా మూడు మడతలు. అంచు లోపలికి. మొహం గుర్తుచేసుకుందామంటే కళ్ళద్దాలు కూడా సరిగ్గా గుర్తురావడం లేదు. ఆమె చూసింది తువ్వాలు.

“సిల్కె, ఆయన ఎటు పోయాడు?”

“బస్సుకే అయి ఉంటుంది. ఏమైందండీ?”

ఏమైందో చెప్పడానికి ఆగలేదు. ట్రాముల్లో దొంగ ప్రయాణికుల వెనక కూడా ఆమె ఎప్పుడూ అలా పరిగెత్తలేదు. మెట్లు దిగేసరికి బస్సు కదులుతోంది. కిటికీ పక్కన బూడిదరంగు కోటు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు, పక్క సీటు ఖాళీగా వదిలేసి. ఆయన తల తిప్పి ఆమెను చూశాడు. చూసింది ఎవరిని? పదిమందిలో తన పరువు తీసిన ఎర్ర టోపీ ఆవిడని. మొహం అటు తిప్పేసుకున్నాడు.

గెర్లిండెకు పిలవడానికి పేరు లేదు. అందుకని తనకు తెలిసిన ఒకే ఒక్క పలకరింపు పలకరించింది. కనుబొమ ఎత్తింది. అది టోపీ కింద ఎత్తింది. అది గ్రహించి టోపీ పీకేసేసరికి బస్సు ఉప్పుబావి మలుపు తిరిగిపోయింది.

తిరిగి హాల్లోకి వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. సంచిలోంచి తడి తువ్వాలు తీసి, పొడుగ్గా మూడు మడతలు పెట్టి, అంచు లోపలికి మడిచి, పక్కన పరిచింది. బస్సు దిగి వెనక్కి వస్తాడేమో. రాడని ఆమెకు తెలుసు. అయినా పరిచింది.

జుట్టు తడిగా ఉన్న ఒకావిడ వచ్చి అడిగింది. “ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండీ?”

“ఉన్నారు. ఒకాయన వస్తారు.”

“ఎవరో?”

గెర్లిండె మొదటిసారిగా ఎదుటి మనిషి మొహంలోకి చూసింది.

“పేరు తెలియదండీ,” అంది.

ఆవిడ మూతి బిగించి నవ్వు ఆపుకుని, పోయి గోడకు ఆనుకుని నిలబడింది.