బాపు ముట్టని కల్లు

పొద్దున పాపకు టీకా వేయించి వచ్చాను. దాని తొడ మీద స్పిరిట్ వాసన ఇంకా పోలేదు. ఆ వాసన తగిలితే నాకు సుగుణ నర్సమ్మ గుర్తొస్తుంది. వెంటనే కోపం వస్తుంది, ఆమె మీద కాదు.

ఆమె హుస్నాబాద్‌లో మా వాడ చివర ఉండేది. సర్కారు దవాఖానలో నర్సు. నాకు పదేళ్లప్పుడు మా బాపుకు పసిరికలు, అదే పచ్చకామెర్లు, అయ్యాయి. కళ్లు పచ్చబడ్డాయి, తర్వాత పొట్ట ఉబ్బింది. పొట్ట ఉబ్బితే కల్లు తాగినట్టేనని వాడంతా తీర్పు చెప్పేసింది. ఆయన ఏనాడూ కల్లు ముట్టలేదని అవ్వ ఎంత మొత్తుకున్నా, "మొగడు తాగుతుండని ఏ ఆడది ఒప్పుకుంటది?" అని నవ్వారు.

నర్సమ్మ ఒక్కతే నమ్మింది. ఆ ఏడే వాడలో ఇంకొందరికీ పసిరికలయ్యాయి. ఆమె డ్యూటీ దిగి ఇంటింటికీ తిరిగి ఒకటే అడిగేది: "జరమొస్తే సూది ఎవలతోని ఏయించుకున్నవ్?" బాపుతో సహా అందరూ బస్టాండు దగ్గరి ప్రైవేటు డాక్టరునే చెప్పారు. ఆయన ఒకే సూదిని దూదితో తుడిచి వరుసగా అందరికీ పొడిచేవాడు. ఒళ్లునొప్పులకైనా సూది పడాల్సిందేనని మావాళ్ల నమ్మకం. మాత్రలిచ్చి పంపేవాడు వాళ్ల లెక్కలో డాక్టరే కాదు. ఒకరి నెత్తురు ఇంకొకరికి ఎక్కి లివర్లు పాడవుతున్నాయని ఆమె తన పై డాక్టరుకు చెబితే, "నీ పని నువ్వు చూసుకో" అన్నాడట.

బాపు పోయిన మూడో రోజు పిట్టకు పెట్టారు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టే రోజు అది. పెద్దబాపు కల్లు తెచ్చి ముంతలోకి ఒంపాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. నర్సమ్మ ముందుకొచ్చింది.

"గది ఎవలికి?"

"మా తమ్మునికే. గిన్నొద్దులు దాసుకొని తాగిండు, ఇయ్యాల ఎదురుంగ తాగనియ్యి."

"నీకు తాగబుద్దయితే నువ్వు తాగు. సూదితోని సచ్చిన మనిషిని తాగుబోతును జేస్తరా? సిగ్గు లేదా మీకు?"

ముంత ఎత్తి పారబోసింది. ఆడదానికింత పొగరా అన్నారు. నెల తిరగకుండా ఆమెను ఎక్కడో అడవుల్లోని ఉట్నూరుకు బదిలీ చేయించారు. సూదుల డాక్టరు మాత్రం అక్కడే ఉన్నాడు, ఆయన గుమ్మం ముందు జనం వరుసా తగ్గలేదు.

నేను ఆమెంత ధైర్యవంతురాలిని కాను. పాప కాస్త నలతపడితే కళ్లు పచ్చబడ్డాయేమోనని రెప్పలు ఎత్తి చూస్తుంటాను. కానీ అత్తగారి చుట్టాలు ఎవరైనా "మీ బాపు తాగి పోయిండట గదా" అంటే మాత్రం ఊరుకోను. ఆ సూది గురించి మొదటి నుంచి చెబుతాను. వాళ్లు మధ్యలో లేచి చెప్పులు వేసుకుంటే, వెంట నడిచి వాకిట్లో నిలబెట్టి మిగిలింది చెబుతాను.