వేదిక చుట్టూ కోలాటం

నిరుటి ముందటేడు అమలాపురంలో, ఒక హైస్కూలు మైదానంలో, పదహారుమంది పెద్దమనుషులను ఒక్క వేలితో మాటాడకుండా కూర్చోబెట్టినవాణ్ని నేను. కుడిచేతి చూపుడువేలు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఆ వేలు కదలకపోయి ఉంటే మా ఊరి కళల సాయంత్రం ఆ ఏడాదితో అయిపోయేదని నా గట్టి నమ్మకం.

నాది మైకు సెట్టు పని. నలభై ఏళ్లుగా చేస్తున్నాను. కొబ్బరిచెట్టెక్కి గరాటు స్పీకర్లు కట్టిన రోజుల నుంచి, చేతిసంచిలో పట్టే స్పీకర్ల దాకా అన్నీ మోశాను. పెళ్లిళ్లు, తీర్థాలు, ఎన్నికలు, సంతాపసభలు, అన్నిట్లోనూ ముందు వచ్చేదీ చివర వెళ్లేదీ మేమే. చదివేవారికి మా పెట్టె సంగతి కాస్త తెలియాలి. ఎన్ని మైకులుంటే అన్నిటి తీగలూ వచ్చి చేరే పెట్టెను మిక్సర్ అంటాం. అందులో ఒక్కో మైకుకి ఒక్కో జారుడు మీట ఉంటుంది, అది ఫేడర్. పైకి జరిపితే గొంతు లేస్తుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. అంటే సభలో ఎవరు ఎంత పెద్దవారో నిర్ణయించేది అధ్యక్షులవారు కాదు, పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న నాలాంటివాడు. ఈ మాట బయట అనము. అంటే మరుసటి పెళ్లికి పిలవరు.

మా ఊళ్లో ఏటా ఒక సాయంత్రం అందరికీ ఉచితంగా కళాప్రదర్శనలు జరుగుతాయి. టిక్కెట్టు లేదు, పాసు లేదు. హరికథ, వీణ, పిల్లల నాట్యం, బుర్రకథ, కోలాటం. ఊరి ఉత్సాహవంతులు కలిసి ఒక కమిటీగా ఏర్పడి నడుపుతారు. మైకు నాది కాబట్టి కమిటీలో నాకూ ఒక కుర్చీ ఉంది. ఆరు గంటలకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా మైదానం ఖాళీ చేసి ఇవ్వాలి, అది స్కూలువారి షరతు.

రెండున్నర గంటలు తక్కువేం కాదు. కాని మా సీమలో మర్యాద అనేది ఒకటుంది. అతిథిని వేదిక మీదికి పిలుస్తారు. మొదటి పిలుపుకే లేచి వచ్చేస్తే మనిషికి ఆశ అనుకుంటారు. అందుచేత ఆయన, "అబ్బే, నాకిక్కడే బాగుందండి" అంటాడు. రెండోసారి పిలుస్తారు. కూర్చున్నచోటే చేతులు జోడిస్తాడు. మూడోసారి ఇద్దరు వెళ్లి చెరో మోచెయ్యీ పట్టుకుంటే, బలవంతాన తీసుకెళుతున్నారన్నట్టు మొహం పెట్టి వస్తాడు. పదహారుమంది అతిథులంటే నలభై ఎనిమిది పిలుపులు. మా కార్యదర్శి సుబ్రహ్మణ్యం మాస్టారు తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. ఒక్కొక్కరికీ నాలుగు విశేషణాలు తగిలించనిదే పేరు పలకరు. ఆ తరవాత శాలువాలు. ఆ తరవాత తలా రెండు మాటలు. రెండు మాటలంటే మా వైపు ఎంతో నేను చెప్పనక్కర్లేదు.

ఆ క్రితం ఏడాది ఏమయిందంటే, బండారులంక నుంచి నేతపనివారి ఆడవాళ్లు ఇరవై నలుగురు కోలాటానికి వచ్చారు. తాము నేసుకున్న ఒకే రంగు అంచు చీరలు కట్టుకుని, చేతుల్లో కర్రలతో ఆరింటి నుంచి ప్రహరీగోడ వెంబడి నిలబడ్డారు. నిలబడే ఉన్నారు. ఎనిమిదీ ఇరవైకి మాస్టారు, "సమయాభావం వల్ల కోలాట బృందానికి వేదిక నుంచే అభినందనలు" అన్నారు. చప్పట్లు కొట్టారు కూడాను. ఆ ఆడవాళ్లు ఆటోలెక్కి వెళ్లిపోయారు.

మరుసటి ఏడాది కళల సాయంత్రానికి రెండు నెలల ముందు ఆ బృందం నాయకురాలు సత్యవతి నా కొట్టుకి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. పొద్దుటి నుంచి మగ్గం మీద కూర్చునే మనిషి. మాట మాత్రం ఎదుటివాణ్ని నిలబెట్టి మాట్లాడుతుంది.

"బాబాయ్ గారూ, తవరు కమిటీలో ఉన్నారంట కదండీ. అడగడానికొచ్చేను. మమ్మల్ని ఆడనిస్తారా, మళ్లీ గోడకి కాపలా పెడతారా?"

"ఎంతమాటమ్మా! ఈసారి అలా జరగదు."

"నిరుడూ అలాగే చెప్పేరండి. ఇంటికెళ్తే వీధివీధంతా, ఏవే కర్రలు అరిగేయా అని ఒకటే నవ్వు. మాలో ఆరుగురు ఇంక రామంటన్నారు. ఈ ఏడు కూడా ఆడకపోతే నాకు బృందం ఉండదండి. పాట నేనే కట్టేను, మా మగ్గం మీద. మావాళ్లు తప్ప ఎవరూ వినలేదు. ఊరందరికీ ఒక్కసారి వినిపించాలని ఉందండి, అంతే."

నాకు ఆవేశం వచ్చేసింది. నాకది తొందరగా వచ్చే జబ్బు. "అమ్మాయ్, ఈసారి సరిగ్గా ఆరున్నరకి నీ పాట మోగకపోతే నా మిక్సర్ గోదాట్లో పారేస్తాను" అన్నాను.

"ఆయ్. మిక్సర్ ఎందుకులెండి, పాట మోగితే చాలు" అని వెళ్లిపోయింది.

కమిటీ మీటింగులో సుద్దముక్క తీసుకుని నేలమీద ఊరి పటం గీశాను. "తప్పంతా వేదిక ఒక్కటే కావడంలో ఉందండి. ఒక్క గుమ్మంలోంచి అందరూ దూరాలంటే తొక్కిడి కాదూ? నాలుగు చోట్ల పెడదాం. హైస్కూలు, మార్కెట్టు వసారా, కాలవ లాకుల గట్టు, గ్రంథాలయం ఆవరణ. ఒకేసారి నాలుగుచోట్లా నాలుగు కళలు. జనం నచ్చినచోటికి నడుచుకుంటూ పోతారు. ఊరంతా ఒకటే సందడి!"

అందరూ కుర్చీల్లోంచి లేచారు. మాస్టారి కళ్లు మెరిశాయి. నా నలభై ఏళ్లలో నా మాటకి అంత ఉత్సాహం ఎప్పుడూ చూడలేదు. చూసి మురిసిపోతూ ఉండగానే మాస్టారు కలం మూత తీశారు.

"అయితే నలుగురు అధ్యక్షులు కావాలండి."

"నలుగురు ముఖ్య అతిథులు కూడానండి" అన్నారు ఇంకొకరు.

"మరి ఫలానా వారిని లాకుల దగ్గరకి మాత్రమే పిలిస్తే, హైస్కూలుకి తగనా అనుకోరూ? ఆయన్ని నాలుగుచోట్లకీ పిలవాలి."

"ఆయన్ని పిలిచి మిగతావాళ్లని వదిలేస్తే ఎలాగండీ?"

పావుగంటలో నా పటం మీద కుర్చీల జాబితా పరుచుకుంది. పదహారుమందీ నాలుగుచోట్లా వేదికెక్కాలి. నలభై ఎనిమిది పిలుపులు కాస్తా నాలుగింతలయ్యాయి. రోగం తగ్గించమంటే నలుగురికి అంటించి వచ్చిన వైద్యుణ్నయ్యాను. ఆ కంగారులో, "పోనీ అసలు వేదికే వద్దండి, పెద్దలు కూడా జనంలో కూర్చుంటే?" అనేశాను.

మాస్టారు కళ్లజోడు తీసేశారు. "వీర్రాజు గారూ, తవరు మా ఇంటికి భోజనానికొస్తే వీధరుగు మీద నిలబెట్టి వడ్డిస్తామాండీ?"

నేను సుద్దముక్క జేబులో వేసుకున్నాను. మొదట అందరూ హైస్కూల్లో ప్రారంభించి, అక్కడి నుంచి మిగతా మూడు చోట్లకీ ఊరేగింపుగా వెళ్లాలని తేల్చారు. కోలాటం హైస్కూల్లో ఆరున్నరకి వేశారు, కాగితం మీద.

ఆ రోజు సాయంత్రం ఎలా ఉందనుకున్నారు! గాలి మీద కొబ్బరాకుల చప్పుడు, మార్కెట్టు వైపు నుంచి బుర్రకథ వాళ్ల డక్కీలు, లాకుల గట్టు మీద పిల్లల గజ్జెలు. రామచంద్రపురం బస్సు దిగినవాళ్లు దిగినట్టే మైదానంలోకి వచ్చేస్తున్నారు. వెనక గేటు దాకా జనం. ఆరు బల్లలు కలిపి చిన్న వేదిక వేయించాను. గోడకి ఆనిస్తే శబ్దం గోడకి కొట్టుకుని మళ్లీ మైకులోకి దూరి కూత పెడుతుంది, దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాం. అందుకని గోడకి ఇరవై అడుగులు ఇవతలికి జరిపించాను. వేదికకి ఎనిమిది అడుగుల దూరంలో నా పెట్టె.

ఆరున్నరకి వేదిక మీద పదకొండుమంది ఉన్నారు. పన్నెండోవారికి రెండో పిలుపు నడుస్తోంది. సత్యవతి నా పక్కకొచ్చి నిలబడింది.

"బాబాయ్ గారూ, ఆరున్నరయ్యిందండి."

"ఇంకా అయిదుగురేనమ్మా."

"అయిదుగురా, పదిహేను పిలుపులా?"

నేను తీగలేని మైకు ఒకటి ఆమె చేతిలో పెట్టాను. "చూడమ్మా, స్టేజీ నిండా కుర్చీలే. చుట్టూ కావలసినంత ఖాళీ ఉంది. వేదిక చుట్టూ తిరిగి ఆడండి" అన్నాను.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ సలహా నాదేనని రెండేళ్లుగా చెప్పుకుంటున్నాను. కాగితం మీద పెట్టేటప్పుడు చెయ్యి రావడం లేదు. నేనన్నది, "స్టేజీ మీద చోటు లేదమ్మా" అని మాత్రమే. ఆమె వేదికను ఒకసారి చుట్టూ చూసి, "దాని మీద లేదు, దాని చుట్టూ ఉంది కదండీ" అంది. గోడకి దూరంగా జరిపింది మటుకు నేనే, ఆ పుణ్యం నాకు వదిలెయ్యండి.

ఆమె చెయ్యెత్తింది. ఇరవై నలుగురూ రెండు వరసలుగా వచ్చి వేదిక చుట్టూ లోపల ఒక వలయం, బయట ఒక వలయం కట్టారు. ముందు వరసవాళ్లు కుర్చీలెత్తుకుని తామే వెనక్కి జరిగారు. టకామని మొదటి దెబ్బ. మాస్టారు, "సాహితీప్రియులు, సహృదయులు..." దగ్గర ఉన్నారు. లోపలి వలయం కుడికి, బయటిది ఎడమకి. కర్రలు ఒకరివొకరికి తగిలి, తిరిగి, వీపు వెనక నుంచి మళ్లీ వచ్చి తగులుతున్నాయి. చీరల అంచులు గిర్రున గీసిన గీతల్లా కనిపిస్తున్నాయి. పదకొండుమంది పెద్దలూ నడిమధ్యలో, కోలాటం మధ్యన పెట్టిన దీపపు సెమ్మెల్లా కూర్చుని, ముందు బిక్కమొహాలు వేసి, తరవాత మెడలు తిప్పి, ఆ తరవాత కుర్చీలే తిప్పుకుని చూడటం మొదలుపెట్టారు. మూడో పిలుపు కోసం కూర్చున్న పన్నెండో అతిథి పిలిచేవారు లేక తనంతట తనే లేచారు. వలయం దాటే దారి లేక, జనంలో నిలబడి చప్పట్లు కొట్టారు.

అప్పుడే నా వేలు కదిలింది. మాస్టారి ఫేడర్ సున్నాకి దించేశానని ఊరందరికీ చెప్పాను. నిజానికి సున్నాకి కాదు, ఒక్క గీత. పెద్దలు మాట్లాడుతుండగా గొంతు దించడమంటే మా పనిలో బ్రహ్మహత్యతో సమానం. మాస్టారు ఆగింది నా వేలికి భయపడి కాదు. అధ్యక్షులు పెద్దిరాజు గారు, కొబ్బరి వ్యాపారం చేసే భారీ మనిషి, మైకు అక్కర్లేని గొంతు, "మాస్టారూ, కాసేపు కూచోండి బాబూ, చూడనివ్వండి!" అన్నారు. మాస్టారు కూర్చున్నారు. నేను సత్యవతి ఫేడర్ పైదాకా తోసి, వెనక్కి వాలి, ఎనిమిది అడుగుల దూరం నుంచి ఆ పాట ఆరు చరణాలూ విన్నాను. పడుగు, పేక, అచ్చు, ఆసు, అన్నీ మగ్గం మాటలే, ఒక్కో చరణం చివర కర్రల దెబ్బ. వొళ్లు పులకరించింది.

ఆట అయ్యేసరికి మైదానమంతా ఈలలు. పెద్దిరాజు గారు వేదిక దిగి, "మిగతా మూడుచోట్లా మాకు కుర్చీలొద్దండి, ఇలాగే నిలబడి చూస్తాం" అన్నారు. ఆయన అన్నాక కాదనేవారెవరు? శాలువాలు సంచుల్లోనే ఉండిపోయాయి. ఎనిమిదిన్నరకి ముందే నాలుగుచోట్లా అన్ని ప్రదర్శనలూ పూర్తయ్యాయి. అంతకు ముందెన్నడూ జరగని సంగతి అది.

మూడోనాడు గ్రంథాలయంలో సమీక్ష పెట్టారు. సత్యవతిని కూడా పిలిచారు. నేను లేచి వేలెత్తి చూపిస్తూ మొత్తం కథ చెప్పాను, నేను చెప్పే పద్ధతిలోనే. "నలభై ఏళ్లలో నేను నేర్చుకున్నది ఇదండీ. కార్యక్రమం బాగుపడాలంటే వేదికలు పెంచక్కర్లేదు. పెద్దల్ని నడుమ గౌరవంగా కూర్చోబెట్టి, కళని చుట్టూ తిరగనిస్తే చాలు. మర్యాదకి మర్యాద, ఆటకి ఆట!" అని ముగించాను. చప్పట్లు కొట్టారు. మాస్టారు రాసుకుంటున్నారు కూడాను: వచ్చే ఏడు కుర్చీలు మధ్యలో.

ఒక్క సత్యవతే చప్పట్లు కొట్టలేదు. లేచి నిలబడింది. నోరు తెరిస్తే గొంతు జీరబోయి సగం మాటలే పైకి వస్తున్నాయి.

"అయ్యో, గొంతుకేమయిందమ్మా? జలుబు చేసిందా?" అన్నారు మాస్టారు.

"జలుబు కాదండి, అరిచి అరిచి పోయింది. బాబాయ్ గారూ, తవరు ఎవరి మైకూ దించలేదు, ఎవరిదీ ఎత్తలేదు. నా చేతిలో పెట్టిన మైకు ఒకటి, తవరు పైకి తోసిన మీట ఇంకోదానిది. పక్కనే కూచున్నారు కాబట్టి తవరికి వినపడింది. మా అత్తగారు వెనక గేటు దగ్గర నిలబడిందండి. కర్రలు బాగా మోగేయే, పాట పాడలేదేం అంది. ఊరందరూ మమ్మల్ని చూసేరు, ఎవరూ వినలేదు. కుర్చీలు మధ్యనేసుకుంటారో చెట్టెక్కిస్తారో తవరిష్టం. వచ్చే ఏడు మాత్రం నేను మొదటి చరణం ఎత్తుకోగానే లేచి, వెనక గేటు దాకా నడిచెళ్లి వినండి. వినపడితేనే తిరిగొచ్చి కూచోండి."