అడవిపొలంలో లేని పిల్లి

ఈ రోజు పొద్దున్న పక్కింటి అక్కతో రెండు అబద్ధాలు ఆడాను. మొదటిది భయంతో వచ్చింది. రెండోదానికి ఆ సాకు కూడా లేదు.

ఆవిడ మార్కెట్ నించి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా, మా ఇద్దరిళ్ళ మధ్య గోడ దగ్గర నిలబడి అడిగింది. "మావోడు గానీ ఇటొచ్చేడా తమ్ముడూ?"

మావోడంటే ఆవిడ రోజూ చేప తలకాయలు పెట్టే గండుపిల్లి. ఎవరూ పెంచింది కాదు, ఎవరి చేతికీ చిక్కదు, ఆవిడ కూడా ఇంతవరకు దాని ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. ఆ సమయానికి అది మా స్నానాలగదిలో, పందికొక్కుల బోనులో, గోనెపట్టా కింద కూర్చుని ఉంది.

లోపల్నించి అది ఎక్కడ అరుస్తుందోనన్న భయంతో "లేదక్కా, నిన్నట్నించీ చూళ్ళేదు" అన్నాను. అక్కడితో ఆగినా కొంత మర్యాద మిగిలేది. ఆవిడ కదలకుండా నిలబడేసరికి, "అడవిపొలం వైపు పోతుంటే చూశామని ఎవరో అన్నారు" అని కూడా అన్నాను. ఎవరూ అనలేదు. ఆవిడని గోడ దగ్గర్నించి పంపించెయ్యడానికి నోటికొచ్చిన ఊరు అది.

ఇంతవరకు ఎందుకొచ్చిందో చెప్పాలి. చెప్తుంటే నాకే విసుగొస్తుంది.

మేం మెట్టకూరులో ఉంటాం. రొయ్యల చెరువుల రైతులు తెచ్చే రొయ్యపిల్లల సీడూ నీళ్ళూ పరీక్ష చేసే చిన్న ల్యాబులో నా పని. నెలన్నర కిందట మా ఆవిడ పెంచుకుంటున్న తెల్లపిల్లి చెవి వెనక చీముగడ్డతో ఇంటికొచ్చింది. గండుపిల్లి కరిచింది. కాకినాడలో పిల్లుల్నీ కుక్కల్నీ చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే గడ్డ కోసి, మందులిచ్చి, ఒక మాట చెప్పింది. పిల్లుల్లో కాటు వల్ల అంటుకునే జబ్బు ఒకటుందట. మనుషులకి రాదు. వచ్చిన పిల్లికి ఒంట్లో శక్తి మెల్లమెల్లగా తగ్గిపోతుంది. "మీ పిల్లికి ఇప్పుడు టెస్ట్ చేసినా తేలదండీ, రెండు నెలలు ఆగాలి. ఆ కరిచిన పిల్లిని పట్టుకురాగలిగితే దానికి చేస్తాను. ఒక అంచనా వస్తుంది" అంది.

పట్టుకురాగలిగితే. ఆ మాట పట్టుకుని నెలన్నర వేళ్ళాడాను.

పట్టాలా వద్దా అని నాలో నేను వాదించుకున్నదంతా రాస్తే నోటుపుస్తకం నిండుతుంది. పట్టి, జబ్బు ఉందని తేలితే ఏం చేస్తాం? పట్టకుండా వదిలేస్తే రేపు మళ్ళీ కరవదా? పడితే అక్కకి చెప్పాలి. చెప్తే వద్దంటుంది. వద్దన్నాక పట్టడం ఎలా? ఒకరోజు భోజనం దగ్గర ఇదంతా నాలుగోసారో ఐదోసారో మొదలుపెడితే మా ఆవిడ గరిటె గిన్నెలో పడేసింది.

"పట్టండి, లేదా మానండి. రెండూ కాకుండా ఇలా నా చెవిలో రుబ్బడం ఏంటండీ."

"నీ పిల్లి కోసమే కదా."

"నా పిల్లి మూలనించి కదలకుండా కూర్చుంది. దానికి బాగానే ఉంది. నాకే లేదు."

సరే, పద్ధతిగా అక్కనే అడుగుదామని ఒక సాయంత్రం గోడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పుట్టిల్లు దరియాలతిప్ప. ఇక్కడ మార్కెట్లో చేపలు కోసి అమ్ముతుంది. భర్త బోటు మీద వెళ్తే వారానికి గాని రాడు. ఆవిడ అప్పుడు సిమెంటు పలక మీద తలకాయలు పెడుతోంది. గండుపిల్లి రెండు బారల దూరంలో కూర్చుని, ఆవిడ వెనక్కి జరిగేదాకా ఓపిగ్గా చూస్తోంది.

"అక్కా, దీన్ని ఒకసారి పట్టి టెస్ట్ చేయించాలి."

"చేయిస్తే?"

"జబ్బు ఉందో లేదో తేలుతుంది."

"తేల్తే?"

ఇక్కడ నేను చేసిన తప్పు మా ల్యాబు వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. మా దగ్గర పరీక్ష అంటే ఒకటే దారి. చెరువులో రొయ్యకి తెల్లమచ్చ రోగం పాజిటివ్ వచ్చిందంటే నీళ్ళు బయటికి వదలకుండా బ్లీచింగ్ కొట్టి మొత్తం చంపెయ్యాలి. పక్క చెరువులు బతకాలంటే అంతే. రైతు ఫోన్లో "వచ్చిందా మాస్టారూ?" అంటాడు, నేను "వచ్చింది, కొట్టేసుకోండి" అంటాను. ఏళ్ళ తరబడి అని అని ఆ మాటలో బరువేంటో నాకు తెలియడం మానేసింది. అక్క అడిగినప్పుడు అదే గొంతుతో, అదే తొందరలో అన్నాను.

"పాజిటివ్ వస్తే తీసేయడమే అక్కా. ఇంకేముంది."

ఆవిడ చేతిలో తలకాయ పలక మీద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుంది.

"నీ టెస్టు సంగతి నాకు తెలుసు తమ్ముడూ. మా అన్న చెరువుకి చేసేవు గదా."

చేశాను. పాజిటివ్ అని చెప్పింది నేనే. వాళ్ళన్న చెరువు గట్టు మీద నిలబడి బ్లీచింగ్ బస్తాలు విప్పుతుంటే ఈవిడ కూడా అక్కడే ఉంది. నాకు గుర్తులేదు. ఆవిడకి గుర్తుంది.

"ఆడికి రోగం ఉందో లేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలీనంతకాలం బతుకుతాడు. ఒగ్గెయ్" అంది.

నేను మాట సర్దుకుని ఉండాల్సింది. పిల్లి చెరువు కాదు, తొందరపడి అన్నాను అంటే అయిపోయేది. దానికి బదులు నాకు కోపం వచ్చింది. మా పిల్లి చెవి గురించి ఒక్క మాట అడగలేదే అనుకున్నాను. ఆ కోపంలోనే, నెలన్నరగా తేల్చుకోలేనిది ఒక్క నిమిషంలో తేల్చుకున్నాను. చెప్పకుండా పట్టేద్దాం.

పట్టడం కూడా నా ముఖానికి తగ్గట్టే సాగింది. ల్యాబు స్టోరులోంచి పందికొక్కుల బోను అడిగి తెచ్చాను. మొదటి రోజు ఎండు నెత్తళ్ళు పెడితే పందికొక్కే పడింది. బోను తన కోసమే కదా, దాన్ని ఏమనగలం. రెండోరోజు మా తెల్లపిల్లి పడింది. చెవి వెనక గడ్డ కోసిన మచ్చతో, మూడురోజులుగా అన్నం ముట్టనిది, నెత్తళ్ళు మొత్తం తినేసి బోనులోనే పడుకుంది. మా ఆవిడ బోను ముందు కూర్చుని నా వైపు చూసిన చూపు గురించి రాయను. మూడోరోజు గండుపిల్లి వచ్చింది గాని లోపలికి రాలేదు. పక్కనించి కమ్మీల మధ్య పంజా దూర్చి ఒక్కో చేపా లాక్కుని తిని, వెళ్ళేటప్పుడు బోను మీద మూత్రం పోసి వెళ్ళింది. ఆ వాసన మా ఇంట్లోంచి ఇంకా పోలేదు.

ఈ రోజు తెల్లారి లేచేసరికి పడి ఉంది. అరవలేదు, కొట్టుకోలేదు. మూలకి ఒదిగి, కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. ముక్కు మీద పాత గాట్లు, ఒక చెవి చివర లేదు. ఇన్నాళ్ళూ నేను మనసులో తిట్టుకున్న జంతువు దగ్గర్నించి చూస్తే ఇంత చిక్కిపోయి ఉందేంటి అనిపించింది. అయినా గోనెపట్టా కప్పేశాను.

అక్క అడగడం, నేను అబద్ధాలాడటం ఆ తర్వాత జరిగింది. ఆవిడ లోపలికి వెళ్ళగానే బోను ఆటోలో పెట్టుకుని కాకినాడ పోయాను.

డాక్టరమ్మ కమ్మీల మధ్యనించే మత్తుసూది వేసి, అది పడుకున్నాక రెండు చుక్కల రక్తం తీసి పరీక్ష పెట్టింది. పది నిమిషాలు. మా ల్యాబులో ఫలితం కోసం రైతులు ఇలాగే బెంచీ మీద కూర్చుంటారు. నేనెప్పుడూ ఆ బెంచీ మీద కూర్చోలేదు.

రెండో గీత వచ్చింది.

"ఉందండీ" అంది డాక్టరమ్మ.

"అయితే తీసేయాలా మేడం?"

"ఎందుకు?" అని ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఈ జబ్బుతో ఏళ్ళు బతికే పిల్లులున్నాయి. ఆపరేషన్ చేసేస్తే కొట్లాడడం, కరవడం బాగా తగ్గుతుంది. మీ పిల్లిని మీరు ఇంట్లో ఉంచుకోండి. కాకపోతే ఇలాంటి పిల్లికి రోజూ తిండి పెట్టి, ఒంట్లో బాగోలేకపోతే గమనించే మనిషి ఒకరుండాలి. అలా ఎవరూ లేకుండా వీధిలో వదిలేస్తే నరకమే. అప్పుడు వేరే ఆలోచించాలి. ఎవరైనా ఉన్నారా దీనికి?"

"వేరే" అంటే ఏంటో నేను అడగలేదు. లేరు అని ఒక్క మాట అంటే చాలు. మా పిల్లికి భయం ఉండదు, బోను వాసన ఉండదు, అక్క అడవిపొలంలో పోయిందనుకుంటుంది. ఎవరికీ తెలియదు. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చిందని ఒప్పుకోవాలి. పొద్దుట్నించీ రెండు ఆడినవాడికి మూడోది పెద్ద కష్టం కాదు.

అది బల్ల మీద నాలిక కొంచెం బయటపెట్టి పడుకుని ఉంది. కడుపు మెల్లగా ఎగిరి పడుతోంది.

"ఉన్నారు. ఒక్క నిమిషం" అని బయటికొచ్చి అక్కకి ఫోన్ చేశాను.

చాలాసేపు మోగాక ఎత్తింది. ఆయాసపడుతోంది. "అడవిపొలంలోనే ఉన్నాను తమ్ముడూ. ఇక్కడెవరూ చూళ్ళేదంటన్నారు. నీకు చెప్పిందెవరో కనుక్కో, ఏ వీధిలో చూశారో."

బయట ఎండ నిప్పులా ఉంది. ఆవిడ పొద్దున్న మార్కెట్ నించి వచ్చిన మనిషి, అన్నం కూడా తిన్నదో లేదో.

"ఎవరూ చెప్పలేదక్కా. పిల్లి నా దగ్గరే ఉంది. నువ్వడిగినప్పుడు మా స్నానాలగదిలోనే ఉంది. నేనే పట్టాను. ఇప్పుడు కాకినాడలో ఉన్నాం."

ఆవిడ చిన్న గొంతుతో అడిగింది.

"ఉన్నాడా?"

"ఉన్నాడు. మత్తులో ఉన్నాడు."

"రోగం?"

"ఉందక్కా."

"మరైతే తీసేస్తన్నావా?"

"లేదు. నువ్వు రోజూ తిండి పెడతానంటే ఆపరేషన్ చేసి పంపించేస్తారంట. నువ్వు చెప్పందే చేయించను."

"రోజూ పెడతన్నాను గదా. కొత్తగా అడగడమేటి" అంది. కొంచెం ఆగి, "నువ్వడిగేవు, అది చాల్లే" అంది. ఏ భావంతో అందో నాకు తెలియలేదు. ఫోన్ పెట్టేసింది.

ఆపరేషన్ చేయించి, సాయంత్రం బోను తీసుకుని నేరుగా ఆవిడ గుమ్మం ముందే దిగాను. రేపు పొద్దుటిదాకా బోనులోనే ఉంచాలన్నారని చెప్పాను. ఆవిడ గోనెపట్టా ఎత్తి చూసింది. పిల్లి బుస్సుమంది. ఆవిడ ముఖం మొదటిసారి కొంచెం సడలింది.

"మేష్టరు మనిషివి, చదువుకున్నోడివి. పిల్లిని దాచడం నేర్పేరా నీకు కాలేజీలో" అంది.

"తప్పైపోయిందక్కా."

"నాకు చెప్పీడం కాదు. అడవిపొలంలో పదకొండిళ్ళకి చెప్పి వచ్చేను, చెవి తెగిన గండుపిల్లి కనపడితే పట్టి ఉంచమని. పాపం ఆళ్ళు ఎతుకుతుంటారు. నాకు కాళ్ళు లాగేస్తన్నాయి. నువ్వెళ్ళి చెప్పు."

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అనబోయి ఊరుకున్నాను. ఎవరి నంబరూ ఆవిడ దగ్గర లేదు. ఏ సందులో ఏ రంగు గేటో చెప్తుంటే చేతి మీద పెన్నుతో రాసుకున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విని, బండి తాళం చేతిలో పెట్టింది.

మొదటి ఇంట్లో "దొరికిందండీ, వెతక్కండి" అని తప్పించుకోబోయాను. ఆ ఇంటాయన వదల్లేదు.

"ఎక్కడ దొరికింది?"

"మెట్టకూరులోనే."

"మరి ఇటొచ్చిందని ఎవరో చూసేరంట గదా."

"ఎవరూ చూళ్ళేదండీ. అలా చెప్పింది నేనే. పిల్లిని పట్టి దాచిందీ నేనే."

ఆయన నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక లోపలికి కేకేసి పెళ్ళాన్ని పిలిచాడు, మళ్ళీ మొదట్నించీ చెప్పమన్నాడు. చెప్పాను. రెండో ఇంట్లోనూ చెప్పాను. నాలుగో ఇంటికి వెళ్ళేసరికి నాకంటే ముందే కబురు చేరింది. "రొయ్యల ల్యాబాయన పిల్లుల్ని కూడా పడతన్నాడంట" అని అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు నేను వింటుండగానే అనుకున్నారు. "మా కోడికి గూడా ఓ టెస్టు చెయ్యండి మాస్టారూ" అంది ఒకావిడ. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ మండడానికి నాకు హక్కు లేదు.

ఎనిమిదో ఇల్లు నీలం గేటు. ఇంటావిడ నన్ను చూడగానే సంబరంగా పెరట్లోకి తీసుకెళ్ళింది. బోర్లించిన గంప, దాని మీద రుబ్బురోలు పొత్రం. "మా ఆయన కండువా వేసి పట్టేడండీ. మజ్జానం నించీ ఒకటే అరుపు. ఆవిడకి ఫోన్ చెయ్యండి" అంది.

గంప సందులోంచి చూశాను. బూడిదరంగు పిల్లి. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి.

"ఇది కాదండీ" అన్నాను.

"కాదా? మరి మేం ఇంత కష్టపడి" అని ఆవిడ అంటుండగానే నేను వంగి పొత్రం పక్కకి దించాను. గంప ఎత్తగానే అది నా మోచేతి మీదుగా గీరుకుంటూ గోడెక్కి అవతలికి దూకింది. ఆవిడ లోపల్నించి నీళ్ళూ సబ్బూ తెచ్చి ఇచ్చింది. చెయ్యి చాలాసేపు కడుక్కుని, ఇదంతా ఎందుకు జరిగిందో ఆవిడకి కూడా చెప్పాను. రేపు పొద్దున్నే సూది వేయించుకోండి అంది. అలాగేనన్నాను.

అప్పటికి ఇంకా మూడిళ్ళు మిగిలాయి. చేతి మీద రాసుకున్నది సబ్బుకి సగం పోయింది. అక్క ఇంకా ఏయే ఇళ్ళకి వెళ్ళిందో ఆ నీలం గేటావిణ్ణే అడిగి, వెళ్ళి చెప్పి వచ్చాను.