కనకమూర్తి గీసిన ర్యాంపు

ఫిల్మ్‌నగర్ స్టూడియోలకు సెట్టింగుల బొమ్మలు గీసే కనకమూర్తి ప్రతి శనివారం చక్రాల కుర్చీలో గుడి మెట్ల దగ్గరకు చేరేవాడు. పూలమ్మే సత్తయ్య, మరో ముగ్గురు కలిసి ఆయన్ని కుర్చీతో సహా పైకెత్తేవారు. మనసులో వాళ్ళకు దండం పెట్టుకుంటూనే పైకి పాఠం మొదలెట్టేవాడు. ఎవరైనా పూర్వజన్మ కర్మ అన్నా, కొత్త వైద్యుడి పేరు చెప్పినా వేలెత్తి, "నా కాళ్ళ జోలి వదిలేయండి. తప్పంతా ఈ ఎనిమిది మెట్లది. ఇంకో మాటండీ, అడగకుండా నా కుర్చీ ముట్టుకోకండి" అనేవాడు. విని విని ధర్మకర్త ర్యాంపు కట్టిస్తానన్నాడు. బొమ్మ తానే గీస్తానని కనకమూర్తి పట్టుబట్టాడు.

అలవాటు ఎక్కడికి పోతుంది? కెమెరాకు నిండుగా కనబడేలా గీశాడు. అటూ ఇటూ రాతి ఏనుగులు, నడుమ నిటారు వాలు. ర్యాంపు కట్టాక తొలి శనివారం, హారతికి తానొక్కడే ఎక్కి వస్తానని అందరి ముందు బయలుదేరి, సగంలో ఆగిపోయాడు. కుర్చీ పైకి పోదు, చెయ్యి వదిలితే కిందికి పోతుంది. లోపల గంట మోగింది. పక్కనే సత్తయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూస్తావేంటయ్యా?"

"అడగకుండ ముట్టొద్దన్నవ్ గద సారూ. ఎప్పుడడుగుతవో అని చూస్తున్న."

"అడుగుతున్నానయ్యా, పట్టుకో!"

సత్తయ్య పట్టుకున్నాడు. అంతలో పూజారే హారతి పళ్ళెంతో ఎదురొచ్చి, రెండడుగులకే జారి, ఏనుగు తొండం పట్టుకుని వేలాడాడు.

"మూర్తీ, త్వరగా కళ్ళకద్దుకో నాయనా! తొండం ఊడేలా ఉంది."