వినాయకుడి మూటలో అగ్గిపెట్టె

సముద్రం మధ్యలో చమురు తీసే రిగ్గు మీద మేము తోలుబొమ్మలాట ఆడించామంటే ధర్మవరంలో ఇప్పటికీ కొందరు నమ్మరు. నమ్మకపోతే నాకేం? ఆ రోజు నేనేం చేశానో నాకు తెలుసు.

మమ్మల్ని పిలిపించినాయన రిగ్గు మీద వెల్డరు. ఊరు చెన్నేకొత్తపల్లి. నెల పని, నెల సెలవు. ఆయన కూతురికి చెవులు వినపడవు. పెనుకొండలో అలాంటి పిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ పిల్లల్ని హిందూపురం డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలంటే ప్రతిసారీ బస్సుల్లో తంటాలే. హాస్టలుకు ఒక వ్యాను కొనివ్వాలని వెల్డరు పట్టుబట్టాడు. "ఊరికే అడిగితే ఎవురిస్తారు పెద్దాయనా? మీ ఆట పెట్టి అడుగుతా. మా రిగ్గోళ్లు మంచోళ్లు" అన్నాడు మా నాయనతో. పై అధికారుల వెంట నెలలు తిరిగి మా ముగ్గురికీ హెలికాప్టరులో చోటు సంపాదించాడు. నాయన బొమ్మలు ఆడిస్తాడు. నేను ఆడ గొంతులు పలుకుతాను, పాడతాను. చిన్నాయన మద్దెల.

ఆట మొదలుపెట్టే ముందు తెర మీద వినాయకుడి బొమ్మను నిలిపి కర్పూర హారతి ఇవ్వడం మా ఇంటి ఆచారం. రిగ్గు మీద నిప్పు పనికిరాదని వెల్డరు ముందే చెప్పాడు. నాయన రెండు రోజులు మొహం మాడ్చుకుని, చివరికి "పిల్లోళ్ల కోసం గదా" అని ఒప్పుకున్నాడు.

తీరంలో హెలికాప్టరు ఎక్కేచోట మమ్మల్ని పైనుంచి కిందదాకా వెతికారు. ఫోన్లు, నాయన బీడీలు, చిన్నాయన లైటరు అన్నీ తీసి పక్కన పెట్టించారు. బొమ్మల పెట్టె విప్పించి ఒక్కో బొమ్మనూ తిప్పి చూశారు. ఎర్రగుడ్డ మూట దగ్గరకు వచ్చేసరికి నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆయప్ప వినాయకుడు సామీ. స్నానం చేసినోళ్లే ముట్టాల."

వెతికే ఉద్యోగి ఇబ్బందిగా వెల్డరు వైపు చూశాడు. "బొమ్మే సార్, నేను పూచీ" అని వెల్డరు కాగితం మీద సంతకం పెట్టేశాడు. మూటలో బొమ్మ తప్ప ఇంకేముంటుందని నేనూ ఊరుకున్నాను.

రిగ్గు మీద దిగగానే భద్రతాధికారి మమ్మల్ని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. "ఇక్కడ గ్యాస్ ఉంటుందమ్మా. అగ్గిపుల్ల ఒక్కటి దొరికినా తెచ్చినవాళ్లనీ, వాళ్లకు పూచీ పడ్డవాళ్లనీ తర్వాతి హెలికాప్టరులో దించేస్తాం. పూచీ పడ్డవాడికి మళ్లీ ఏ రిగ్గు మీదా పని ఉండదు" అన్నాడు. వెల్డరు నవ్వాడు. "మావోళ్లు బంగారం సార్!"

భోజనాల హాల్లో తెర కట్టాం. మధ్యాహ్నం పని దిగినవాళ్లంతా స్నానాలు చేసి వచ్చి కూర్చుంటున్నారు. కాళ్ల కింద ఇనుప నేల సన్నగా అదురుతూనే ఉంది. తెర వెనక నేను ఎర్రమూట విప్పాను. వినాయకుడి పాదాల దగ్గర కర్పూరం పొట్లం, దాని పక్కన అగ్గిపెట్టె.

పెట్టింది నేనే. ఆట అయ్యాక దేవుణ్ణి మూటగట్టేటప్పుడు హారతి సామాను పాదాల దగ్గరుంచి చుట్టడం మా పద్ధతి. మా అవ్వ చేసేది, ఇప్పుడు నేను చేస్తాను. కొత్తచెరువు జాతరలో ఆట ముగించి అలాగే చుట్టాను. అది వేరే వస్తువని మాకెప్పుడూ తోచదు. బొమ్మకు కాళ్లున్నట్టు దాని దగ్గర అగ్గిపెట్టె ఉంటుంది, అంతే. నా తెలివి తెల్లారినట్టే ఉందని నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో!

"నోర్మూసుకోమ్మే. నడుముకు దోపుకో. పొయ్యేటప్పుడు యాడన్నా పారేద్దాం" అన్నాడు నాయన గుసగుసగా.

"టీ గలాసులో ముంచితే సరిపాయె" అన్నాడు చిన్నాయన.

గ్లాసు పక్కనే ఉంది. ముంచి ఉంటే నిమిషంలో అయిపోయేది. కానీ ఈ భయాన్ని ఎవరి నెత్తినైనా పెట్టేయాలనిపించింది. తెర పక్క నుంచి వెల్డరుకు సైగ చేశాను. అది నిజాయితీ అని ఇన్నేళ్లలో నేనెప్పుడూ అనుకోలేదు. పిరికితనం.

వచ్చి చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తడిపేద్దామా అన్నా?" అన్నాను.

అగ్గిపెట్టె నా చేతిలోంచి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు: "ఈడ నేను వెల్డింగు నిప్పు ఎలిగించాలంటే ఈ సేఫ్టీ సారు సంతకం పెట్టాల చెల్లా. నా మాట నమ్మే పెడతాడు. ఇది దాసిపెట్టి రేపు ఆ సారు ముందర యా మొహం పెట్టుకొని నిలబడేది?"

అగ్గిపెట్టెను పిడికిట్లో పట్టుకుని కుర్చీల మధ్య నుంచి, ముందు వరసలో ఉన్న భద్రతాధికారి దగ్గరకు నడిచిపోయాడు. ఆపాలనుకున్నాను. అధికారి అరచేతిలోకి అది మారడం చూశాక పరుగెత్తాను.

"నేను పెట్న్యా సార్. ఈయప్పకేం తెలీదు. నన్ను దింపేయండి."

"నువ్వే పెట్టి ఉంటావమ్మా, కాదనను. సంతకం ఆయనది" అన్నాడు అధికారి. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఎదురు తిరిగేదాన్ని. "ఆట కానివ్వండి. వీళ్లంతా మీ కోసమే కూర్చున్నారు."

హారతి లేకుండానే నాయన వినాయకుణ్ణి కళ్లకద్దుకుని తెర మీద నిలిపాడు. మొగుడూ పెళ్లాల కొట్లాట ఆడాం. పెళ్లాం గొంతు నాది. ఆ రోజు నేను తిట్టిన తిట్లకు హాలంతా పడి పడి నవ్వింది. వాళ్లకేం తెలుసు, నేను తిడుతున్నది నన్నేనని. తెర సందులోంచి చూస్తే వెల్డరు చివరి కుర్చీలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొడుతున్నాడు. ఆట అయ్యాక ఆయనే లేచి హాస్టలు సంగతి చెప్పాడు. హెల్మెట్టు చేతులు మారుతూ పోయి నోట్లతో, జీతంలో కోసుకోమని రాసిచ్చిన చీటీలతో నిండి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో నలుగురం. వెల్డరు ఒళ్లో బట్టల సంచి. హెలికాప్టరు మోతలో మాట వినపడదు కాబట్టి ఏడవడానికి నాకు అడ్డం లేకపోయింది.

వ్యాను వచ్చింది. పెనుకొండలో పూజ చేసిన రోజు మమ్మల్నీ పిలిచారు. రిగ్గు మీద పనిచేసేవాళ్ల పేర్లన్నీ వ్యాను తలుపు మీద వరసగా రాయించారు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. వెల్డరు పేరు లేదు. రిగ్గు వాళ్లు పంపిన జాబితా అది, అందులో ఆయన అప్పటికే లేడు. నాకు ఒళ్లు మండిపోయింది. రంగు డబ్బా యాడుండాదో చెప్పండి, నేనే రాస్తానని హాస్టలు వాళ్ల మీద ఎగిరాను.

వెల్డరు అప్పటికే ధర్మవరంలో గేట్లు చేసే షాపులో కూలికి పోతున్నాడు. ఆ రోజు పని మానుకుని వచ్చాడు. నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు.

"రాయొద్దులే చెల్లా. పేరెందుకు లేదని గలాటా అయితే అందరికీ తెలిసిపోతాది. నాకు రిగ్గు పని పోయిందని పాపకింగా తెలీదు. సెలవులో ఉండాననుకుంటాంది."